ఇల్లు ఒక్కరోజులో నిండాలా?

మేము ఈ ఫ్లాట్‌లోకి వచ్చాక ఎనిమిది నెలల పాటు మా హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తుంగ చాప, కిటికీలో మనీ ప్లాంటు సీసా తప్ప ఇంకేమీ లేవు. వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఇంకా సర్దుకోలేదా?" అని అడిగేవాళ్లు. సర్దుకున్నాం, ఉన్నదే ఇంత అని చెబితే ఏం మాట్లాడాలో తెలియక ఊరుకునేవాళ్లు. మా పిన్ని అయితే మా ఆయన్ని బాల్కనీలోకి పిలిచి, ఉద్యోగం బాగానే ఉంది కదా నాయనా అని అడిగింది.

ఉద్యోగాలు బాగానే ఉన్నాయి. హాలు ఖాళీగా ఉంచింది కావాలనే. ఎందుకలా ఉంచామో, ఆ తర్వాత అది దేనితో ఎలా నిండిందో, ఎంత ఖర్చయిందో ఇక్కడ రాస్తాను. ఎందుకంటే తక్కువ డబ్బుతో ఇల్లు అందంగా పెట్టుకోవడం కుదరదని అనుకునేవాళ్లకి అడ్డం వచ్చేది చాలాసార్లు డబ్బు కాదు, తేదీ. ఫలానా రోజుకల్లా ఇల్లు నిండిపోవాలి అనే తేదీ.

దీనికి ముందు ఇంట్లో నేనూ ఆ తేదీకి లొంగిపోయినదాన్నే. పెళ్లయిన కొత్త, అద్దె ఇల్లు. పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టారు. దానికి పదకొండు రోజులే ఉంది. అత్తగారి వైపు వాళ్లు, మా వైపు వాళ్లు కలిపి ఒక నలభై మంది వస్తారు. బోసిగా ఉన్న ఇంట్లో వాళ్లని ఎక్కడ కూర్చోబెడతాం? ఆ పదకొండు రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ దగ్గర సోఫా సెట్టు, టీవీ యూనిట్, డైనింగ్ టేబుల్, డ్రెస్సింగ్ టేబుల్, రెండు వార్డ్‌రోబ్‌లు కొనేశాం. మొత్తం 1,84,000. చేతిలో ఉన్నది 40,000. మిగతాది నెలకి 8,000 చొప్పున 18 నెలలు, నో కాస్ట్ ఈఎంఐ.

వడ్డీ లేదు కదా అని సంబరపడ్డాం. వడ్డీ లేని అప్పు అనేది ఉండదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులాంటి వేరే పేర్లతో కొనేవాళ్ల దగ్గరే తీసుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా విషయంలో జరిగిందీ అదే. డబ్బు ఒకేసారి కట్టేవాళ్లకి ఇచ్చే డిస్కౌంటు మాకు ఇవ్వలేదు, పైన ఫీజు కట్టించుకున్నారు.

పాలు పొంగాయి. అందరూ వచ్చి సోఫా మీద చెయ్యేసి చూసి, బాగుందన్నారు. ఆ ఒక్క పూట కోసం కొన్న సామాను అది. రెండో వర్షాకాలంలో కిటికీ కింద నుంచి నీళ్లు కారి టీవీ యూనిట్ కాళ్లు తడిశాయి. మర్నాటికి దాని కింది అంచు పాలలో ముంచిన బన్నులా ఉబ్బింది. పైన అతికించిన వాల్‌నట్ రంగు పొర లేచి వచ్చేసింది. దాని కింద వేలితో గీకితే రాలిపోయే రంపపు పొట్టు. కార్పెంటర్ని పిలిపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రెండు వేళ్లతో ఆ అంచుని నలిపి చూసి, "ఇది చెక్క కాదమ్మా, పొట్టు. దీనికి మేకు పట్టదు, స్క్రూ పట్టదు. నేను చేసేదేం లేదు" అని, డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. నీళ్లు తగిలితే పొట్టు ఉబ్బుతుంది, జిగురు పట్టు వదిలేస్తుంది. ఆరాక కూడా అది మళ్లీ మొదటిలా అవదు. అప్పటికి మేము కట్టాల్సిన వాయిదాలు ఇంకా మూడున్నాయి.

ఇల్లు మారేటప్పుడు అదంతా అమ్మేస్తే 27,000 వచ్చింది. 52,000 పెట్టి కొన్న సోఫాని ఒక కుర్రాడు 9,000కి ట్రాలీ ఆటోలో వేసుకుని పోయాడు. ఆ ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. మా ఇద్దరిలో తెలివైన బేరం చేసింది ఎవరు అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది నాలో. ఆ సోఫాలో విరిగింది, చెడిపోయింది ఏమీ లేదు. కొత్తది అన్న పేరుకి నేను 43,000 కట్టాను, ఆ పేరు పోయాక వచ్చాడు అతను.

కొత్త ఇంటికి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఆ 27,000కి ఇంకో 18,000 కలిపి మొత్తం 45,000. ఏడాది గడువు. మంచం, పరుపు మాత్రం ముందే ఉన్నాయి. అప్పు చేయకూడదు. ఒక వస్తువు అవసరం కనీసం నెల రోజులు కనబడితేనే కొనాలి. ఈ చివరిది మా ఆయన పెట్టిన నియమం, అన్నిటికన్నా పనికొచ్చింది అదే. డైనింగ్ టేబుల్ లేకుండా నెల గడిచాక మాకు తెలిసింది, మాకు కావాల్సింది ఆరుగురు కూర్చునే టేబుల్ కాదని. మేమిద్దరం తింటాం, పాప హోంవర్క్ చేస్తుంది, నేను లాప్‌టాప్ పెట్టుకుంటాను. నాలుగడుగుల గట్టి బల్ల ఒకటి చాలు. డ్రెస్సింగ్ టేబుల్ గురించి నెల దాటినా ఎవరికీ గుర్తే రాలేదు. ఒక నిలువుటద్దం కావాలని మాత్రం రోజూ అనిపించేది.

అప్పుడు మొదలయ్యాయి ఆదివారాలు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఎర్రగడ్డ సండే మార్కెట్ సంగతి తెలిసే ఉంటుంది. పొద్దున ఏడింటికల్లా మెట్రో పిల్లర్ల దగ్గర, ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచేస్తారు. బూట్లు, డ్రిల్లింగ్ మిషన్లు, జత తప్పిన డంబెల్స్, రిమోట్లు, గోడ గడియారాలు, చక్రాల కుర్చీలు. చాలామంది దాన్ని చోర్ బజార్ అనేస్తారు. అందుకే ఫోన్లు, సైకిళ్లు నేను ముట్టుకోను. కానీ బల్లలు, అద్దాలు, కుర్చీలు ఎక్కడివని అడిగితే చెప్తారు. ఇల్లు ఖాళీ చేసినవాళ్లవి, పాత బంగళా కూల్చినప్పటివి, మూతపడ్డ ఆఫీసువి. కరోనా తర్వాత ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు వచ్చిన కుర్చీల్లో ఒకటి 1,800కి తెచ్చుకున్నాను. నడుముకి ఆనే భాగం, ఎత్తు సర్దే మీట అన్నీ పనిచేస్తున్నాయి. ఇప్పుడు దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

మొదటి నాలుగు వారాలు ఏమీ కొనలేదు, చూశాను. చూడగా చూడగా ఒక సంగతి అర్థమైంది. పాత సామాను కొనాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. ప్రతి వస్తువుకీ కింద ఒక ధర ఉంటుంది, అమ్మేవాడు అంతకన్నా దిగడు. ఇత్తడికి అది కరిగిస్తే వచ్చే ధర. ఇనుప బీరువాకి కాటా ధర. అందుకే ఇత్తడి బిందె దగ్గర ఎంత బేరమాడినా వంద రూపాయలు తగ్గుతుంది తప్ప సగానికి రాదు. చెక్క అలా కాదు. టేకు బల్లైనా సరే, కొనేవాడు దొరక్కపోతే చివరికి కట్టెల ధరే. అద్దానికి, పింగాణీకి, ఫొటో ఫ్రేములకి, పేము కుర్చీలకి ఆ కింది ధర దాదాపు సున్నా. పైగా అవి పగలకుండా సాయంత్రం మళ్లీ మూట కట్టుకుని వెళ్లడం అమ్మేవాళ్లకి పెద్ద పని. కాబట్టి తక్కువ డబ్బున్నవాళ్లు వెతకాల్సింది చెక్క, అద్దం, పింగాణీ, పేము. మనవాళ్లు మార్కెట్‌కి వెళ్లగానే చేసేది సరిగ్గా దీనికి తలకిందుల పని. ఇత్తడి దగ్గర గంట నిలబడి బేరమాడి, ఎక్కువ ధరకి కొని, పక్కనే దుమ్ము కొట్టుకుపోయిన బల్లని దాటుకుని వచ్చేస్తారు.

మా బల్ల అలా దాటుకుని వెళ్లేవాళ్ల కాళ్ల దగ్గరే దొరికింది. దాని మీద ఎవరో ఆకుపచ్చ ఎనామిల్ పెయింట్ వేశారు, ఒక మూల పెయింట్ పెచ్చులూడింది. ఒక సొరుగు లేదు. నేను టేపుతో కొలిచాను, నాలుగడుగుల రెండంగుళాలు. నా పర్సులో ఇంటి గోడల కొలతలు, తలుపులు పూర్తిగా తెరిస్తే మిగిలే జాగా, లిఫ్ట్ తలుపు వెడల్పు రాసిన కాగితం ఎప్పుడూ ఉంటుంది. ఆ కాగితం లేకుండా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కి వెళ్లకండి, అక్కడ కొన్నది వాపసు తీసుకునేవాళ్లుండరు. బల్ల ఒక పక్క ఎత్తబోతే లేవలేదు. ఆ బరువే ముందు చెప్పింది. మిగిలిన సొరుగు బయటికి లాగి దాని మూల చూశాను. మేకు లేదు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఒక పలక పళ్లు ఇంకో పలక సందుల్లో కూర్చుని ఉన్నాయి. సొరుగు అడుగున పెయింట్ లేనిచోట తాళంచెవితో కొంచెం గీకాను. లోపల తేనె రంగు, సన్నటి చారలు, కొంచెం నూనె వాసన.

"టేకు అక్కా, బర్మా టేకు" అన్నాడు అమ్మే అతను. హైదరాబాద్ మార్కెట్లో అమ్మేవాళ్ల మాటల్లో టేకంతా బర్మా టేకే. కోస్తా నుంచి రంగూన్‌కి వేల మంది వలస వెళ్లిన రోజుల్లో అటునుంచి ఓడల్లో కలప దిగేది, పాత ఇళ్లలో ఆ దూలాలు ఇప్పటికీ ఉన్నాయి, ఆ పేరు మీద మోజు అలా మిగిలిపోయింది. మన ఆదిలాబాద్ టేకు అయినా నాకు సంతోషమే. ఐదు వేలన్నాడు, మూడున్నర దగ్గర తెగింది. ట్రాలీ ఆటోకి 600. మా వీధి చివర పనిచేసే వడ్రంగి మేస్త్రీ పెయింట్ గీకి, కొత్త సొరుగు చేసి, ఒక కాలు కింద చెక్క ముక్క అతికి, పాలిష్ పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది, 2,600 తీసుకున్నాడు. మొత్తం 6,700. ఆ పాత పార్టికల్ బోర్డు డైనింగ్ టేబుల్ 31,000.

ఈ లెక్క చెప్పేటప్పుడు చాలామంది 3,500 దగ్గర ఆపేస్తారు. అది తప్పు లెక్క. పాత వస్తువు ధర అంటే కొన్న ధర, ఆటో, రిపేరు మూడూ కలిపి. మూడూ కలిపి కొత్తదాంట్లో సగం దాటితే నేను కొనను. బీరువా విషయంలో ఆటోతో పాటు ఇంకోటి మర్చిపోయాను. అది లిఫ్ట్‌లో పట్టలేదు, నాలుగు అంతస్తులు మెట్ల మీద మోయించడానికి 1,200 అయింది.

అదే మేస్త్రీ చేతికి ఇంకో కుర్చీ కూడా వెళ్లింది. ఇరానీ హోటళ్లలో మనం అందరం కూర్చున్న రకం, వెనక భాగం ఒకే చెక్కని వంచినట్టుండే నల్లటి కుర్చీ. ఆ నమూనా వియన్నాది. మైకేల్ థోనెట్ కంపెనీ 1859లో బీచ్ చెక్కని ఆవిరి పట్టించి వంచి 14వ నంబరు కుర్చీ చేసింది. ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విడదీసి సర్దితే ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. నా దగ్గరున్నది దానికి నకలు, ఒక కాలు కదులుతూ 450కి దొరికింది. అయినా అది చూసినప్పుడల్లా అనుకుంటాను, భాగాలుగా విప్పి బిగించే సామాను చవకగా అమ్మడం కొత్త ఆలోచన కాదు. కాకపోతే వాళ్లు పొట్టుతో కాకుండా చెక్కతో చేశారు, కాలు కదిలితే ఎవరైనా మళ్లీ బిగించగలిగేలా చేశారు.

కుర్చీ సీటు పేము తెగిపోయి ఉంది. అది అల్లేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఒకప్పుడు ఈ పని అంధులకి శిక్షణ ఇచ్చి నేర్పేవాళ్లు, ప్రభుత్వ ఆఫీసుల కుర్చీలు చాలా చోట్ల వాళ్ల చేతుల్లోనే అల్లుకునేవి. మా సీటు అల్లిన పెద్దాయనకి కూడా చూపు లేదు. మా వరండాలో కూర్చుని, తడి పేముని వేళ్లతో తడుముతూ, ఒక్క కన్నం తప్పకుండా ఒకటిన్నర రోజులో అల్లాడు. మేము ఖర్చుపెట్టిన 43,300లో దాదాపు 14,000 ఇలా మేస్త్రీకి, పాలిష్ అతనికి, ఈ పెద్దాయనకి, టైలర్‌కి వెళ్లింది. కొత్త సోఫా కొన్నప్పుడు మా వీధిలో ఎవరి చేతికీ ఒక్క రూపాయి వెళ్లలేదు.

ఇంతకీ అసలు గొడవ డబ్బు దగ్గర రాలేదు. సిగ్గు దగ్గర వచ్చింది.

మా తమ్ముడు డాలస్‌లో ఎంఎస్ చేయడానికి వెళ్లినప్పుడు, కోర్సు అయిపోయి వెళ్లిపోతున్న సీనియర్ల దగ్గర సోఫా, పరుపు, రైస్ కుక్కర్ తీసుకున్నాడు. పాత సామాన్లు అమ్మే గుడ్‌విల్ స్టోర్‌లో ప్లేట్లు, లాంప్ కొన్నాడు. అపార్ట్‌మెంట్‌లో ఎవరో బయట పెట్టేసిన బుక్ షెల్ఫ్ నలుగురు కుర్రాళ్లు మోసుకుని తెచ్చుకున్నారు. ఆ ఫొటోలు మా అమ్మ వీధంతా చూపించింది. "ఎంత పొదుపో చూడండి మా వాడు" అని. నేను ఎర్రగడ్డలో బల్ల కొన్నానంటే అదే అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి, "సరేలే, ఎక్కడ కొన్నావో ఎవరికీ చెప్పకు" అంది. డాలస్‌లో పొదుపైనది ఎర్రగడ్డలో పరువు తక్కువ ఎలా అయింది? అక్కడి వస్తువు ఎవరిదో మనకి తెలియదు, వాళ్లకి మనం తెలియదు. ఇక్కడ మన వాళ్లు చూస్తారు. అంతే తేడా.

ఆ గుడ్‌విల్ కూడా బీదరికంలోంచి పుట్టిందే. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టర్ డబ్బున్నవాళ్ల పేటల్లో పాత బట్టలు, సామాన్లు పోగుచేసి, పనిలేని బీదవాళ్లకి, వలస వచ్చినవాళ్లకి వాటిని బాగుచేసే పని నేర్పి జీతమిచ్చి, వాటిని అమ్మించాడు. మన దగ్గర అలాంటి దుకాణాలు పెద్దగా కనబడవు గానీ, పాత వస్తువు చేతులు మారడం మనకేం కొత్త కాదు. పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు మన గుమ్మాల్లో గంటలకొద్దీ కూర్చుని బేరమాడేవాళ్లు. అక్క గౌను చెల్లికి, పెద్దాడి పుస్తకాలు చిన్నాడికి, నానమ్మ చీరలు బొంతకి. ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు లేని సిగ్గు, బయట నుంచి ఇంట్లోకి వచ్చేటప్పుడే వస్తోంది మనకి.

అమ్మ అభ్యంతరం పరువుతో ఆగలేదు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను కూడా.

పైన ఇత్తడి కొనొద్దని రాశాను గానీ, నేను ఒకటి కొన్నాను. పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మెరాత్ బజార్‌లో ఒక బిందె, మూడు కిలోలకి కొంచెం తక్కువ, 1,600. కిటికీ పక్కన నిలబెట్టి పొడుగు మొక్క పెట్టాలని. ఇంటికి తెచ్చి చింతపండు, ఉప్పు వేసి తోముతుంటే నల్లటి మకిలి కింద, మెడ చుట్టూ చుక్కలు తేలాయి. ఇంకాస్త తోమితే చుక్కలు అక్షరాలయ్యాయి. పాత్రల దుకాణంలో చిన్న ఉలితో టిక్కు టిక్కుమని కొట్టే ఆ చుక్కల అక్షరాలు. చి.ల.సౌ. అని, తర్వాత ఒక అమ్మాయి పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, 1967. ఒక్క అక్షరం ఒత్తు కొంచెం పక్కకి జరిగింది, కొట్టినవాడి చెయ్యి వణికినట్టుంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆవిడ ఎక్కడో ఉండే ఉండొచ్చు.

అప్పుడే ఊరి నుంచి వచ్చిన అమ్మ నా వెనక నిలబడి చదివింది.

"ఎవరిదో సారె సామానే ఇది. ఏ పరిస్థితిలో అమ్ముకున్నారో. ఆ ఉసురు మనకెందుకే?"

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. మూఢనమ్మకం అని కొట్టిపారేయడం సులువు. కానీ అమ్మ అన్నదాంట్లో ఒక మర్యాద ఉంది. వస్తువు వెనక మనిషి ఉంటుందన్న గుర్తింపు అది. పాత సామానుతో ఇల్లు అలంకరించుకునేవాళ్లు, ముఖ్యంగా వింటేజ్ అని పేరు పెట్టి మూడింతల ధరకి అమ్మే షాపులు, మర్చిపోతున్నది సరిగ్గా అదే. ఎవరి కష్టకాలంలోనో ఇంట్లోంచి బయటికి వచ్చినదాన్ని మనం షో పీస్ చేస్తున్నాం.

అయినా నేను అమ్మతో ఒప్పుకోలేదు. ఆ బిందె నా దగ్గరకి రాకపోతే ఎక్కడికి పోయేది? ఆ కుప్పలోని మిగతావాటితో కలిసి కొలిమిలోకి. పేరు, 1967, పక్కకి జరిగిన ఒత్తు అన్నీ కలిసి కరిగిపోయేవి. అమ్ముకున్న బాధ అమ్మిన రోజునే అయిపోయింది, నేను కొనడం వల్ల అది పెరగదు. ఆ పేరు రోజూ ఎవరో ఒకరు చదివే చోట ఉంటే ఆ ఇల్లాలికి అగౌరవం ఎలా అవుతుంది? నేను మొక్క పెట్టాలనుకున్నది మానేశాను. పేరు బయటికి కనబడేలా తిప్పి, బల్ల పక్కన ఉత్త బిందెగానే పెట్టాను. శుక్రవారం తోముతాను.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ తనంతట తానే చెప్పింది. ఎనభైల్లో స్టీలు ఊళ్లోకి కొత్తగా వచ్చిందట. తమిళనాడులోని సేలం స్టీలు ప్లాంటులో 1981లో స్టెయిన్‌లెస్ రేకులు తయారవడం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో మన ఇళ్ల వంటగదులన్నీ తెల్లబడ్డాయి. తోమక్కర్లేదు, కళాయి పెట్టించక్కర్లేదు, చింతపండు పెడితే చిలుం పట్టదు. మా అమ్మమ్మ పేరున్న బిందె, గంగాళం, రెండు తాంబాళాలు ఇచ్చి అమ్మ ఒక స్టీలు క్యారేజీ, ఆరు గిన్నెలు తెచ్చుకుంది. అమ్మమ్మ అప్పటికి బతికే ఉంది. ఏమీ అనలేదట. "అడిగితే ఇచ్చేసింది. ఆ సాయంత్రం మాత్రం అన్నం తినలేదు" అంది అమ్మ, గోడ వైపు చూస్తూ.

ఇక జాగ్రత్తలు. పరుపులు, దిళ్లు, గుడ్డ సోఫాలు నేను పాతవి కొనను. నల్లులు ఒకసారి ఇంట్లోకి వస్తే మిగిల్చిన డబ్బంతా మందులకే పోతుంది. కుర్చీ, మంచం ఏది తెచ్చినా ముందు బాల్కనీలోనే, ఎర్రటి ఎండలో రెండు రోజులు. చెక్క మీద సన్నటి కన్నాలుండి, కింద తాజా పిండి రాలుతుంటే పుచ్చు ఇంకా లోపల ఉన్నట్టే. వేలి మడతతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే వదిలేయండి. లాంపులు కొంటే లోపలి వైరు, హోల్డర్ మార్పించాకే ప్లగ్ పెట్టాలి. ఏనుగు దంతం ఏ రూపంలో ఉన్నా కొనకూడదు, నేరం. పాత రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు ఎంత చవగ్గా చూపించినా చెయ్యి పెట్టకండి. వందేళ్లు దాటిన కళావస్తువులకి 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, అమ్మేవాళ్లకి లైసెన్సు ఉండాలి. అన్నిటికన్నా, ఏ గుడి గర్భంలోంచి వచ్చిందో తెలియని విగ్రహాన్ని హాల్లో ఎలా పెట్టుకుంటాం?

కర్టెన్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అంచులు చిరిగిన మూడు మంగళగిరి నూలు చీరలు, నిజాం అంచువి, టైలర్‌కిస్తే రెండు కిటికీలకి సరిపోయాయి. పొద్దున ఎండ వాటిలోంచి వస్తుంటే హాలంతా పసుపు రంగు. ట్యూబ్‌లైట్ తీసేసి రెండు మూలల్లో పసుపు రంగు వెలుగిచ్చే బల్బులు పెట్టాం. ఇంటి రూపు మారడానికి అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యింది దీనికే, 400 లోపు.

దీనంతటికీ టైమ్ ఎవరికుంది అని నా స్నేహితురాలు అడిగింది. ఇద్దరు పిల్లలు, రెండు షిఫ్టులు, ఆదివారం ఒక్కటే నిద్ర. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకున్నంత వెసులుబాటు అందరికీ ఉండదు, ఆదివారం పొద్దున పాపని చూసుకునే మనిషి మా ఇంట్లో ఉన్నాడు కాబట్టి నేను వెళ్లగలిగాను. కానీ నేను ఆమెని అడిగింది వేరే. కొనడానికి టైమ్ లేకపోతే కొనకుండా ఉండటానికి టైమ్ అక్కర్లేదు కదా? ఈఎంఐ కట్టడానికి చేసే ఓవర్‌టైమ్ మాత్రం టైమ్ కాదా? మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారానికొకరు ఇల్లు మారుతూ ఏదో ఒకటి అమ్మకానికి పెడతారు. మా నిలువుటద్దం మూడో అంతస్తు నుంచి వచ్చింది, 700. దానికోసం ఏ మార్కెట్‌కీ వెళ్లలేదు, లిఫ్ట్ ఎక్కానంతే. ఆమె మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వాళ్లింట్లో సోఫా కొత్తది, వచ్చే నెలతో వాయిదాలు అయిపోతాయి, మేమిద్దరం దాని మీదే కూర్చుని ఈ మాటలన్నీ మాట్లాడుకున్నాం.

ఏడాది అయ్యేసరికి 43,300 ఖర్చయ్యాయి. సోఫా ఇంకా లేదు. దాని చోట ఒక దివాన్, దాని మీద అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంత ఉంది. పిన్ని మొన్న వచ్చి దాని మీదే పడుకుని మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయింది.

పోయిన నెల అమ్మ మళ్లీ వచ్చింది. బుధవారం రాత్రి, "రేపు గురువారం కదా" అంది. అవునన్నాను. "ఆ బజారు పొద్దున్నే ఉంటుందా?"

ఆరున్నరకి వెళ్లాం. నేను పింగాణీ సామాను చూస్తూ వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు. రెండు పట్టాల అవతల, ఇత్తడి కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక బిందె ఒళ్లోకి తీసుకుని, కొంగుతో మెడ తుడిచి, ఎండకి తిప్పి చదువుతోంది. అమ్మే అతను ధర చెప్పాడు. అమ్మ వినలేదు. అది పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"అమ్మా, మనది గుంటూరు జిల్లాలో ఇచ్చేశావు. అది ఇక్కడికెలా వస్తుంది?" అన్నాను మెల్లగా.

"నాకు తెలియదా ఏంటి" అంది తలెత్తకుండా. కళ్లజోడు కొంగుతోనే తుడుచుకుని పెట్టుకుంది. మూడో బిందె మీది పేరు చుక్కచుక్కగా, కూడబలుక్కుంటూ పైకే చదివింది. మా అమ్మమ్మ పేరు కాదు. దాన్ని మిగతావాటి కింద పడకుండా, పేరు పైకి కనబడేలా, కుప్ప మీద నిలబెట్టి నాలుగోది అందుకుంది.